ప్లగ్గు వైర్ల మీద తిలకం చుక్కలు

మొన్న ఆదివారం మా కారు ధవళేశ్వరం దాటగానే దగ్గడం మొదలుపెట్టింది. స్పార్క్ ప్లగ్గులు మార్చి చాలాకాలమైంది. షెడ్డుకి ఇవ్వకుండా నేనే మార్చుకుందామని కొత్త ప్లగ్గులు తెచ్చి, ఇంజను బాగా చల్లారాక వాకిట్లో బానెట్ ఎత్తాను. ఇప్పటి కార్లలో ఈ పని తేలిక. ఒక్కో ప్లగ్గు నెత్తిన దానికి కరెంటిచ్చే కాయిల్ ఒకటి టోపీలా కూర్చుని ఉంటుంది. క్లిప్పు నొక్కి, బోల్టు విప్పి దాన్ని పైకి లాగితే, కింద గుంటలో ప్లగ్గు కనిపిస్తుంది. దుమ్ము ఊదేసి, పొడుగు సాకెట్ దింపి తిప్పడమే. ఏ కాయిల్ ఎక్కడ పెట్టినా ఇంజను ఏమీ అనుకోదు. అయినా నేను మా ఆవిడ తిలకం సీసా తెచ్చుకుని మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా పెట్టుకుంటూ పోయాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ అది చూసి, "అన్నీ ఒక్కలాంటివేనని మీరేగా అన్నారు? మరి ఈ చుక్కలెందుకండీ?" అంది.

"మీ నాన్నగారి అలవాటు" అన్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం నా భయం.

మా మామగారికి మండపేటలో కిరాణా కొట్టు ఉండేది. దానికన్నా ఆయనకి ఇష్టమైంది ఎవరి దగ్గరో కొన్న పాత కారు. అది తెల్ల కారని ఆయన అనేవారు. నేను అల్లుణ్ణయ్యేసరికి మజ్జిగ రంగుకి తిరిగింది. దానిమీద మెకానిక్ చెయ్యి పడనిచ్చేవారు కాదు. పంచె ఎగ్గట్టి, ప్లగ్గులు విప్పి, అరటాకు మీద విస్తట్లో వడ్డించినట్టు వరసగా పేర్చేవారు. గరుకు కాగితంతో మసి గీకి, రంపపు బ్లేడు ముక్క దూర్చి సందు సరిచూసేవారు. ఆ కారులో ఏ వైరు ఏ ప్లగ్గుకి వెళ్ళాలో దానికే వెళ్ళాలి. తారుమారైతే ఇంజను కదలదు, లేదంటే పొగగొట్టంలోంచి ఢామ్మని చప్పుడొస్తుంది. అందుకని అత్తగారి తిలకంతో వైర్ల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు ముందు తెలిసుంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మా పెళ్ళయ్యాక వచ్చిన మొదటి దసరా అది. అత్తగారి అక్కగారు నిడదవోలులో కాలు విరిగి మంచం మీద ఉన్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, బస్సు ఎక్కలేరు. పండగనాడు మధ్యాహ్నం కారులో తీసుకెళ్తానని మామగారు ఎప్పటినుంచో మాటిచ్చి ఉన్నారు. ఆ పొద్దున ఆయన ప్లగ్గులు శుభ్రం చేసి ఆకుమీద పెట్టి, కొట్లో కాటాకీ తూకపురాళ్ళకీ పూజ చేయించడానికి వెళ్ళారు. కొత్త అల్లుణ్ణి, ఊరికే కూర్చుంటే బాగుండదనిపించింది. జిడ్డు పట్టిన ఆ వైర్లని కిరసనాయిలు గుడ్డతో తళతళలాడేలా తుడిచాను. వాటిమీది చుక్కలు పోయిన దసరాకి పెట్టిన బొట్లనుకున్నాను. పూజరోజు వైర్లు బోసిగా ఉండకూడదని గూట్లోంచి తిలకం సీసా తెచ్చి, తలా ఒక బొట్టు చక్కగా గుండ్రంగా పెట్టాను.

మామగారు వచ్చి ఒక్కో వైరూ ఎత్తి తిప్పి చూశారు. ప్లగ్గులు వేళ్ళతో ఎక్కించి బిగించి, వైర్లు అంచనాగా తగిలించారు. అప్పటికే అత్తగారు కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో బూరెల క్యానుతో ముందుసీట్లో కూర్చున్నారు. తాళం తిప్పగానే కారు ఢామ్మంది. అరుగుమీద పక్కింటాయన పకపకా నవ్వాడు.

"ఏవండోయ్, మీ కారు అప్పుడే దీపావళి చేసేసుకుంటోందేంటి?"

"చుక్కలు నేనే చెరిపేసుకున్నానండి. పండగ హడావిడిలో బుర్ర పనిచెయ్యలేదు" అన్నారు మామగారు కారు దిగుతూ.

నేను ఆయన వెనకే గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాను. "కాదండీ, నేను" అంటే సరిపోయేది. అనలేదు. వైర్లు మార్చి మార్చి చూసేసరికి పొద్దుగూకింది. అత్తగారు మోకాలు పట్టుకుని దిగుతూ, "రేపెళ్దాం లెండి, అక్క ఎక్కడికీ పరిగెత్తదుగా" అన్నారు. ఆ బూరెలు రాత్రి మాకే వడ్డించారు. నేను తిన్నాను కూడా. మర్నాడు కారు కదిలింది, వెళ్ళొచ్చారు. ముందురోజు మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని అక్కగారు చీకటి పడేదాకా వీధిలోకి చూస్తూనే ఉన్నారట. ఆ మాట విన్నాక చెప్పడం మరీ కష్టమైంది. తరవాత చెబుదామనుకున్నాను. ఎంత ఆలస్యమైతే చెప్పడం అంత సిగ్గనిపించింది. చివరికి వినడానికి మామగారే లేకుండా పోయారు.

మొన్న బానెట్ దగ్గర నిలబడి ఇదంతా మా ఆవిడకి చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపడలేదు. ఖాళీ కాఫీ గ్లాసు అందుకుని, "ఆవేళ మీ వేళ్ళు చూసుకోలేదా? ఎర్రగా తిలకం. మజ్జిగ తాగిన గ్లాసంతా మరకలే. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది" అంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"'అల్లుడుగారు తనంతట తను చెప్పేదాకా ఎవరూ ఎత్తకండి' అన్నారు నాన్నగారు. మీరు ఇప్పుడేగా చెప్పారు."

ఆఖరి కాయిల్ తొడిగి తాళం తిప్పాను. ఇంజను చప్పుడు లేకుండా అందుకుంది. నా వేళ్ళ చివర్లు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. వాటిని తుడుచుకోవాలనిపించలేదు. నేను దాచిపెట్టాననుకున్న ఏళ్ళన్నీ ఆయన నాకిచ్చిన గడువు. ఆయన పోయిన రోజునే అది దాటిపోయిందని నాకు తెలియనే లేదు.