లోడ్ మీద వచ్చే శబ్దం

మూడేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్న, రుషికొండలో ఒక రిసార్టు గుమ్మం ముందు, నా పరువు నేనే తీసుకున్నాను. అందులో ఎవరి సాయమూ లేదు. నా పరువుతో ఆగి ఉంటే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు, నా స్నేహితుడు సలీం దుకాణాన్ని కూడా ముంచబోయాను. మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా గొప్ప కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతిది రుచించదు. నేను ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో గేర్‌బాక్స్ ఫిట్టర్ని. మా గేర్‌బాక్సులు ఒక్కొక్కటి ఒక గది అంత ఉంటాయి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన పెట్టెకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని వింటే, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేస్తాను. ఇరవై ఏళ్ల సర్వీసులో నాలుగైదుసార్లు నిజంగానే చెప్పాను. మిగతాసార్ల సంగతి ఎవరూ అడగలేదు.

సలీంది పాత పోస్టాఫీసు దగ్గర సైకిల్ షాపు, వాళ్ల తాత పెట్టింది. ఈ రోజుల్లో సైకిళ్లు కొనేదెవరు? గాలి కొట్టడం, పంక్చర్లు వెయ్యడం తప్ప బేరమే లేదు. ఇక షట్టర్ దించేద్దామని వాడు అనుకుంటుండగా ఆ రిసార్టు నుంచి కబురొచ్చింది. వాళ్ల అతిథులు కొండెక్కి దిగడానికి పది ఎలక్ట్రిక్ సైకిళ్లు కావాలట. ఒకటి తెచ్చి చూపిస్తే, నచ్చితే పదీ సలీం దగ్గరే తీసుకుంటారట. వాడు ఉన్నదంతా ఊడ్చి ఒక బండి తెప్పించాడు. ఆ ఆర్డరొస్తే షాపు నిలబడుతుంది, రాకపోతే వాడు వేరే దారి చూసుకోవాలి.

ఆ బండి మామూలుది కాదు. వెనక చక్రానికి గేర్ల పళ్లచక్రాలుండవు, చైనుకి బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. మోటారూ, గేర్లూ రెండూ పెడళ్ల మధ్యనున్న ఒకే పెట్టెలో ఇమిడి ఉంటాయి. హ్యాండిల్ మీద మీట నొక్కితే గేరు దానంతటదే మారుతుంది. గేర్‌బాక్స్ అన్న మాట చెవిన పడగానే, శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి సరాసరి షాపుకి పోయాను. బండి తీసుకుని దర్గా కొండ వైపు ఎత్తు రోడ్డెక్కించాను. భలేగా పోతోంది. అంతలో వినబడింది.

టక్. మళ్లీ టక్. కుడి పెడలు కిందికి తొక్కిన ప్రతిసారీ టక్.

వెనక్కొచ్చి, డాక్టర్లు పెట్టే మొహం ఒకటి పెట్టాను. "సలీమూ, ఈ బండి ఇంతకుముందెవుడు తోలీనాడు?"

"ఎవుడూ తోల్నేదు బావా. డబ్బాలోంచి తీసి నీకే ఇచ్చినాను. ఏటైనాది?"

"గేర్‌బాక్స్ పోనాది."

వాడు స్టూలు మీద కూలబడి, వెంటనే లేచి, బండెక్కి అదే ఎత్తు ఎక్కి వచ్చాడు. "నాకేటీ ఇనబడ్నేదు బావా."

"నీకెలాగినబడతాది? నువ్వున్నది యాభై కేజీలు. నీ బరువుకి లోడ్ పడదు. ఇది లోడ్ మీదొచ్చే శబ్దం. లోపల గేరు పన్నిరిగితేనే ఇలాగొత్తాది."

వెనక చక్రం వాడు పైకెత్తి పట్టుకున్నాడు. నేను స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకుని పెడలు చేత్తో తిప్పాను. చప్పుడు లేదు. మామూలు మనిషికైతే ఇక్కడ అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది.

"సూసినావా? లోడ్ నేదు, శబ్దం నేదు. నాన్సెప్పినానా!"

"కంపెనీకి పంపీద్దామా మరి?"

"ఎల్లి రావడానికి నెల్రోజులు. ఎల్లుండి ఆదివారం ఆలకేటి సూపిత్తావు? అరగంటలో ఇప్పి బాగు సేసీత్తాను."

పెట్టె మీద చిన్న స్టిక్కరుంది, విప్పితే గ్యారంటీ చెల్లదని. సలీం దాన్ని వేలితో తడిమాడు. "బావా, ఇది సీలేసినాది. ఇప్పొద్దని రాసుంది."

"అది ఊరందరికీ. ఫిట్టర్లకి కాదు."

వాడు స్టిక్కరు మీంచి వేలు తీశాడు. "సరే. నిన్నే నమ్ముకున్నాను" అన్నాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విప్పాను. ఇరవై ఏళ్లుగా గేర్‌బాక్సులు విప్పినవాణ్ణి, ముందు ఆయిల్ తియ్యాలని మరిచిపోయాను. ఉన్న ఆయిల్లో సగం సలీం చెప్పుల్లోకి పోయింది. లోపల చూస్తే ఏం పనితనమండీ! చేతి గడియారంలో ఉన్నట్టున్నాయి చక్రాలు. ఒక్క పన్ను విరగలేదు, ఒక్క బేరింగు ఆడటం లేదు. ఏమీ దొరకలేదని ఒప్పుకుని మూసేస్తే సరిపోయేది. కానీ చేతులకి ఆయిలంటించుకుని, చెప్పులు పాడుచేసి, ఉత్త చేతులతో ఎలా లేస్తాను?

"దొరికీసింది" అన్నాను. "బేరింగొకటి లూజుగా ఉన్నాది. బిగించీసాను."

మూత బిగించాక కింద పల్చటి వాషరొకటి మిగిలింది.

"ఇదేటి బావా?"

"కంపెనీవోలు ఒకటెక్కువేత్తారు."

సలీం బండెక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, "ఇప్పుడస్సలు శబ్దం నేదు బావా!" అని నన్ను కావలించుకున్నాడు. వాడికి ముందు కూడా వినబడలేదన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆదివారం రుషికొండలో రిసార్టు మేనేజరు మేడం స్వయంగా బండెక్కారు. బీచ్ రోడ్డు నుంచి కొండ మీది గెస్ట్‌హౌస్ దాకా వెళ్లి, దిగి వచ్చారు. చెమటైనా పట్టలేదు. "చాలా బాగుందండీ. చప్పుడే లేదు" అన్నారు.

సలీం కళ్లు మెరిశాయి. నేను నోరు మూసుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మరి నా ప్రతిభ మేడంగారికి ఎలా తెలుస్తుంది?

"చిన్న శబ్దం ఉండేది మేడం. నేనే సరిచేశాను. చూడండి" అని బండెక్కి ఎత్తు మీద నాలుగు తొక్కులు తొక్కాను.

టక్. టక్. టక్. టక్.

"మళ్లీ వచ్చీసిందిరా!" అని అరిచాను.

"మళ్లీనా? అంటే మీరు దీన్ని విప్పారా?" మేడం గొంతు మారింది. "ఇది సీలు వేసిన పెట్టె కదా?" వంగి చూస్తే, బండి నిలబెట్టిన చోట తెల్లటి చలవరాయి మీద ఆయిల్ చుక్కలు. సలీం సముద్రం వైపు తిరిగిపోయాడు. వాడి తాత పెట్టిన షాపు నా వల్ల మూతబడుతోందని నాకప్పుడు అర్థమైంది.

మేడం ఎందుకో నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీరొకసారి బండి దిగండి. దూరంగా రండి. ఒక గుంజీ తీయండి."

"మేడం?"

"ఒక్కటే."

చేసిన తప్పుకి శిక్ష అనుకుని, సలీం కోసం కూర్చుని లేచాను.

టక్.

వాచ్‌మన్ బండి వైపు చూశాడు. బండి నాకు పది అడుగుల దూరంలో, స్టాండు మీద, కదలకుండా ఉంది.

"మా నాన్నగారికీ ఇదే శబ్దం" అన్నారు మేడం. "మోకాలండీ."

సలీమే మెల్లిగా అన్నాడు: "అయితే బావా, పోనాది నీ గేర్‌బాక్సా?"

మేడం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వే షాపుని కాపాడింది. మర్నాడు పది బండ్లకీ ఆర్డరొచ్చింది, నేను విప్పినది మాత్రం వద్దన్నారు. అది నా చేత కొనిపించాడు సలీం. ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఏటి, నీకిప్పుడు తెలిసిందా? పీట మీంచి లేత్తంటే వీధి సివర్దాకా ఇనబడతాది" అంది.

ఆ ఆర్డరు కాగితాన్ని సలీం ఫ్రేము కట్టించి షాపులో తగిలించాడు. దాని అడుగున మేడం చేత్తో రాసిన షరతొకటి ఉంది: "మోకాలు సారు ఈ బండ్లను ముట్టుకోరాదు."

కాబట్టి సకల యంత్రాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రంలో శబ్దం వినిపించినా, ముందు నేను దానికి పది అడుగుల దూరం జరిగి, రెండు గుంజీలు తీసి, ఆ తర్వాతే దాన్ని అనుమానిస్తాను. ఈ ప్రతిజ్ఞ నిలబడే చేస్తున్నాను. కూర్చుని లేస్తే మీకు వినబడుతుంది.