నా బండిని కదలనివ్వని మేస్త్రి

బండ్లు బాగుచేసే షెడ్డు మేస్త్రి పోయాడని సోమవారం పొద్దున మా పెద్దబ్బాయి చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిందట. చెప్పి ఊరుకున్నాడా, లేదు. "పాపం, మంచివాడమ్మా" అన్నాడు, పళ్లు తోముకుంటూ. ఆ మంచివాణ్ణి మూడేళ్లుగా మా ఇంట్లో దొంగ అనే పిలిచాడు. మధ్యాహ్నానికి సెంటర్లో ఫ్లెక్సీ కూడా వెలిసింది. 'స్నేహశీలి, మృదుభాషి' అని వేశారు. కింద పదకొండు మంది మామిడి రైతుల ఫొటోలు, పోయిన మనిషి ఫొటో కంటే పెద్దవి. ఆ పదకొండు మందిలో ఎనిమిది మంది ఆయన చాదస్తం భరించలేక వేరే షెడ్డుకు మారినవాళ్లే.

ఆయన మృదుభాషి కాదు. చదివేవారికి ఆ అబద్ధం నేను చెప్పను. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు. వచ్చినవాళ్లను కూర్చోమనేవాడు కాదు, కూర్చోవడానికి ఉన్నది కూడా ఒక్క స్టూలే. కళ్లజోడుకు దారం కట్టి మెళ్లో వేసుకునేవాడు. చేతులకు రంపపు పొట్టు రుద్దుకున్నాక గానీ టీ గ్లాసు ముట్టుకునేవాడు కాదు. బండికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి తెచ్చినవాళ్లతో, "ఇది నన్ను కాపాడుద్దాండీ? కిందికి దూరేది నేను కదా" అనేవాడు. ఇలాంటి మనిషికి స్నేహితులు ఎక్కడుంటారు?

మూడేళ్ల కిందటి మే నెల. మాకు పెద్ద పికప్పు బండి ఉంది. ఆగిరిపల్లి దగ్గరి తోటల నుంచి కాయను నూజివీడు మార్కెట్టుకు చేరవేస్తుంది. పొద్దున్నే ముసునూరు వైపు నుంచి కోతకు వచ్చే ఆడకూలీలు తొమ్మిది మందినీ వెనక ఎక్కించుకుని తెస్తుంది, సాయంత్రం దింపుతుంది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని మాకందరికీ తెలుసు. అందరం ఎక్కిస్తాం.

ఒకరోజు డ్రైవరు వచ్చి, "స్టీరింగు వదులుగా ఉందండీ, తిన్నటి రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ పోతోంది" అన్నాడు. మా అబ్బాయి తడుముకోలేదు. "స్టీరింగు బాక్సు మీద స్క్రూ ఉంటుంది, అది బిగించమను. కింద రబ్బరు చిరిగిన చోట సైకిలు ట్యూబు చుట్టమను. మిగతాది సీజన్ అయ్యాక." మే నెలలో మా వైపు ప్రతి రైతు నోటా వినిపించే వేదం ఇదే. కాయ కోతకు వస్తే చాలు, వీళ్ల బుర్ర కొమ్మకు వేలాడుతుంది.

బండి షెడ్డుకు వెళ్లిన గంటకు ఫోను. "అమ్మా, వాడు బండి విప్పేసి కూర్చున్నాడు. రేపు సాయంత్రం దాకా ఇవ్వడట. అక్కడ తోటలో చెట్ల కింద ఒక లోడు రసాలు కోసి పెట్టాం." నేను ఆటో ఎక్కాను. మేస్త్రిని తిట్టడానికే వెళ్లాను.

"ఏం మేస్త్రీ, అడక్కుండా విప్పే అధికారం ఎవరిచ్చారు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదమ్మగారూ. అడిగితే వద్దంటారని విప్పాను."

స్టీరింగు తిప్పితే ఆ తిప్పుడును చక్రాలకు చేరవేసే ఇనుప రాడ్లు రెండూ ఆయన బల్ల మీద ఉన్నాయి. వాటి చివర్ల గుండ్రటి కీళ్లు ఉంటాయి, మన భుజంలో ఉన్నట్టే. ఒక రాడ్డు నా చేతికిచ్చాడు. "కొత్త కీలు చేత్తో తిప్పితే మొండికేస్తుందండీ. దీన్ని ఊపండి." ఊపాను. ఎండిన కాయలో టెంకలాగా లోపల గడగడలాడింది.

"మొత్తం నాలుగు. నాలుగూ ఇంతే. ఒక్కటి ఊడిందా, స్టీరింగు మీ డ్రైవరు చేతిలో ఉంటుంది, చక్రాలు వాటి ఇష్టమొచ్చిన చోటికి పోతాయి. వెనక ఎంతమందిని ఎక్కిస్తున్నారు?"

"తొమ్మిది మంది."

"పేర్లు తెలుసా?"

తెలియకేం, హాజరు రాసేది నేనే. వరసగా చెప్పాను. ఆయన చివరి దాకా విని, "అయితే వీళ్లల్లో ఎవరు పోయినా పర్లేదో మీరే చెప్పండి. సైకిలు ట్యూబు చుట్టి ఇప్పుడే ఇచ్చేస్తాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. జవాబు దొరక్కపోతే మనుషులకు ఒళ్లే మండుతుంది. నా కోపాన్ని డ్రైవరు మీదికి మళ్లించాను. ఇంత అరిగేదాకా ఏం చేస్తున్నావురా అని అడిగాను.

"వాడి పని కాదండీ ఇది, మీ పని" అన్నాడు మేస్త్రి.

బండితో పాటు షెడ్డుకు వచ్చిన మా అబ్బాయి ముందుకొచ్చాడు. "ఏంటయ్యా, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"బండి యజమానితోనండి బాబుగారూ. మీరు ఖాళీగానే ఉన్నారుగా, ఆ జాకీ ఇటు అందుకోండి."

మా తోటల్లో కొమ్మలు నడుమెత్తున వాలి ఉంటాయి. బండి కదులుతూ మలుపు తిరిగితే వెడల్పుగా తిరుగుతుంది, కొమ్మను రాసుకుంటుంది, కాయ రాలుతుంది. అందుకని నేనో రూలు పెట్టాను: చెట్టు ముందు బండి ఆపు, నిలబెట్టే స్టీరింగు పూర్తిగా తిప్పు, తర్వాతే కదులు. ఇరవై ఏళ్లుగా ఆ రూలు చూసుకుని మురిసిపోయినదాన్ని. చుట్టుపక్కల వాళ్లు కూడా నన్ను చూసే నేర్చుకున్నారు. దున్నిన నేలలో, నిండు లోడుతో నిలబడ్డ చక్రాన్ని బలవంతంగా తిప్పితే ఆ బలమంతా ఈ నాలుగు కీళ్ల మీదే పడుతుందని మేస్త్రి చెప్పేదాకా నాకు తట్టలేదు. కాయ రాలకుండా కాపాడుకున్నాను, మనుషుల్ని తీసుకెళ్లి ఊడబోయే కీలు మీద కూర్చోబెట్టాను.

మర్నాడు విజయవాడ బస్సులో సామాను దిగింది. బిగిస్తుంటే స్టూలు మీద కూర్చుని చూశాను. ప్రస్తుతానికి రెండు మార్చమన్నాడు మా అబ్బాయి. "మిగిలిన పాతవి రెండూ ఈ కొత్తవాటిని తినేస్తాయండీ" అన్నాడాయన, అతని వైపు చూడకుండా. ఇరుక్కున్న కీలును ఊడదీయడానికి దాని మర చుట్లున్న కొస మీద కొట్టలేదు, దాన్ని పట్టి ఉంచిన ఇనుప చేతికి పక్కన చెంప మీద రెండు దెబ్బలేశాడు. ఊడివచ్చింది. రాడ్డు నుంచి పాత కీలును విప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో పైకే లెక్కపెట్టి, సుద్దముక్కతో రేకు మీద పదిహేడు అని రాసుకున్నాడు. కొత్తది సరిగ్గా పదిహేడు చుట్లు ఎక్కించాడు. మా వంశంలో ఒక్క మగవాడూ ఒక పనిని అంత లెక్కగా చేయగా నేను చూడలేదు.

చివర్న నట్టు బిగించాక, అది ఊడకుండా పిన్ను దూర్చే రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాలేదు. కాస్త వెనక్కి తిప్పితే వస్తుంది కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "పిన్ను కోసమని నట్టును వదులు చేయకూడదమ్మగారూ. ఇంకాస్త బిగించాలి, అంతే." బిగించాడు. రంధ్రం కుదిరింది.

ఆ తర్వాత నాలుగో రోజు ముసునూరు మలుపు దగ్గర, సందులోంచి ఎవడో మోటార్‌సైకిలు మీద అడ్డంగా వచ్చాడట. డ్రైవరు స్టీరింగు ఒక్కసారిగా విసురుగా తిప్పాడు, బండి చెప్పిన మాట విని పక్కకు తిరిగి ఆగింది. వాడూ బతికాడు. మా వాళ్లు తొమ్మిది మందీ తోటకు వచ్చి చేసిన ఫిర్యాదు ఒక్కటే. "మీ డ్రైవరు కుదుపుకి క్యారేజీ బోర్లా పడిందండీ అమ్మగారూ, పప్పంతా పోయింది" అని. పప్పు పోతే పోయింది, పనిలోకి పొండని కసిరాను. జరిగిందేమిటో డ్రైవరుకు తెలుసు, నాకు తెలుసు. షెడ్డు తోటకు రెండు మైళ్లే. వెళ్లి ఒక్క మాట చెప్పలేదు. జరగకుండా పోయినదానికి థాంక్స్ ఏమని చెప్తారు?

అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి. రూలు మార్చలేదు. ఒక షెడ్డు మేస్త్రి చెప్పాడని ఇరవై ఏళ్ల నా మాట కూలీల ముందు వెనక్కి తీసుకుంటానా? ఏటా సీజనుకు ముందు బండి ఆయన దగ్గరికి వెళ్లేది, ఏటా కీళ్లు మళ్లీ వదులయ్యే ఉండేవి. ఆయన వాదించలేదు. "అమ్మగారి కొమ్మలు బాగున్నాయా?" అని మాత్రం అడిగేవాడు, బండి కింద నుంచి. బతికుండగా ఆ మనిషిని నువ్వు అన్నాను. ఇప్పుడు ఆయన అని రాస్తున్నాను. ఫ్లెక్సీలో మొహాలు వేయించుకున్న పదకొండు మందికీ నాకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, నా ఫొటో వేయించుకోలేదని తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నిన్న తోటకు వెళ్లాను. కోత నడుస్తోంది. సగం లోడుతో, వెనక మనుషులతో బండి వచ్చి పెద్దరసం చెట్టు ముందు ఎప్పటిలాగే ఆగింది. డ్రైవరు నిలబెట్టి తిప్పబోయాడు.

"నిలబెట్టి తిప్పకు. కదుల్తూ తిప్పు" అన్నాను.

అతను తల బయటికి పెట్టాడు. "కొమ్మ తగులుద్దండి అమ్మగారూ."

"తగలనీ."

బండి మెల్లగా తిరిగింది. కొమ్మ రేకుల మీద గీసుకుంటూ పోయింది. ఆరు కాయలు రాలాయి. వెనక ఉన్న ఆడవాళ్లు, నేనిప్పుడు ఎవర్ని తిడతానా అని బిక్కచచ్చి చూశారు. నేను వంగి ఆ కాయలు ఏరుకున్నాను. వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు, బండి రోడ్డెక్కింది. రోజూ చక్రాలు నేలను తవ్వి గుంట చేసే చోట, ఈసారి దున్నిన మట్టి మీద రెండు గీతలు, చెట్టును చుట్టి మెత్తగా వంపు తిరిగి గేటు దాకా వెళ్లాయి.