గుమ్మడికాయ వేషం

మొన్న ఆదివారం చింతామణిలో మనవరాలు నన్ను బొమ్మల సినిమాకు లాక్కుపోయింది. రెండు రోజులు ఉండి పోదామని బాగేపల్లి నుంచి వచ్చిన మా వదిన కూడా వెంట వచ్చింది. వదిన అంటే మా మేనత్త కూతురు, నాకంటే ఆరు నెలలు పెద్ద. ఆ ఆరు నెలల పుణ్యాన ఆమె వదిన అయింది, నేను ఆమెకు ఈ వయసులో కూడా 'అమ్మీ'గానే మిగిలిపోయాను. మనం చిన్నప్పుడు విన్న పరదేశపు కథలన్నింటినీ ఒకే పప్పుకుండలో వేసి మెదిపినట్టుగా ఉంది ఆ సినిమా. తోడేలు తాళం వేస్తుంది, కప్ప రాగం తీస్తుంది, ఎలుకలూ చీపురూ పొయ్యిమీది గిన్నే అన్నీ పాడతాయి. బండిగా మారే గుమ్మడికాయ ఒక్కటే ఎందుకో పాడదు. సవతి చెల్లెళ్ళు చేసిన పాపమంతా చివర్లో ఒక్క పాటకు కరిగిపోతుంది. హాలంతా నవ్వుతూ ఉంటే నేను మాత్రం యాభై అయిదేళ్ళు వెనక్కి నడిచాను. మోకాళ్ళు నొప్పి పెట్టకుండా నేను నడవగలిగేది ఇప్పుడు అటువైపు ఒక్కటే కదా.

సాదలి పక్కన మా ఊళ్ళో మాది పట్టుపురుగుల ఇల్లు. నడింట్లో పురుగులు, వసారాలో మనుషులు. ఎవరి మర్యాద వారిది. కాళ్ళు కడుక్కోకుండా పురుగులింట్లోకి పోకూడదనీ, తాలింపు ఘాటూ బీడీ పొగా తగలకూడదనీ, సెంటు వాసన అసలే పనికిరాదనీ మా వైపు పిల్లలు అక్షరాలకంటే ముందే నేర్చుకునేవారు. పెళ్ళికి పోయివచ్చిన మా నాయన సైతం చొక్కా విప్పి ఒళ్ళు కడుక్కుని గానీ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. మేనత్త పోయి, మామ బాగేపల్లిలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక, సవతితల్లి చేతికి బిడ్డను ఇవ్వనని పంతం పట్టి మా అవ్వ, అంటే నాయన తల్లి, వదినను మా ఇంటికి తెచ్చుకుంది. తెచ్చుకుని, పురుగులకు మల్బరీ ఆకు తరిగే కత్తిపీట ముందు కూర్చోబెట్టింది. తట్టల్లో ఆకు చల్లుతూ అవ్వ చెప్పే కథల్లో తల్లిలేని పిల్లే ఎప్పుడూ గెలిచేది. కథ ముగిశాక అవ్వ కండ్లు తుడుచుకుని, "ఇంగా రెండు గంపలు తరుగు, తెల్లారిందాకా కూచుంటావా ఏమి?" అనేది ఆ తల్లిలేని పిల్లతోనే.

ఆరో తరగతిలో ఉండగా మా కన్నడ మేష్ట్రు స్కూల్ డేకి పాటల నాటకం వేయించబోయారు. పొయ్యి బూడిదలో పడుకునే పిల్ల రాజుగారి విందుకు పోయి చెప్పు పోగొట్టుకునే కథ. గొంతు బాగుందని ఆ పిల్ల వేషం వదినకు ఇచ్చారు. నాకు గుమ్మడికాయ వేషం. ఆకారం చూసి ఇచ్చారని మా అమ్మ, పాట విని ఇచ్చానని మేష్ట్రు. ఇద్దరి మాటా నిజమే. పసుపు రంగు పూసిన గోనెపట్టాలో నోరు మూసుకుని కూర్చోవడమే నా నటన. వదినకు మాత్రం జరీ కాగితం కిరీటం, చిన్న అత్తరు సీసా ముందుగానే చేతికిచ్చారు. అత్తరు ఇంట్లోకి తేకూడదని తెలిసిన పిల్ల గనక, ఆ రెండింటినీ పశువుల కొట్టం చూరులో దాచింది. నాటకం కోసం ఆమె రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేది. మా ఇంట్లో ఆమె తనదని చెప్పుకోగలిగింది ఆ వేషం ఒక్కటే.

ఆ బుధవారం పురుగులకు నాలుగో జ్వరం. జ్వరమంటే రోగం కాదు. కుబుసం విడిచే ముందు పురుగులు మేత మాని, తల పైకెత్తి కదలకుండా నిలబడతాయి, ఆ దినాన్ని మేము అలా అంటాము. ఆకు పని లేదు గనక ఇంట్లో ఎవరూ లేరు. నేను చూరులోంచి కిరీటం తీసి పెట్టుకుని, అత్తరు జుట్టంతా రాసుకుని, ఎవరి కంటా పడకూడదని పురుగులింట్లోకి దూరి వదిన పాటలన్నీ పాడాను. వేల తలలు పైకెత్తి నన్నే చూస్తున్నట్టు ఉండింది. నా పాటకు లేచిపోకుండా కూర్చున్న సభ నా జన్మకు అదొక్కటే.

అవ్వ ముందుగా వచ్చింది. గడపలో ఆగి గాలి పీల్చింది, నన్ను దగ్గరికి లాగి తల వాసన చూసింది. ఒక్క మాట అడగలేదు. బావి గట్టుకు తీసుకుపోయి శీకాయతో రెండుసార్లు తలకు పోసింది. వదిన కట్టెల మోపుతో తోటనుంచి వచ్చేసరికి నేను ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. తర్వాత నాయన వచ్చాడు. అవ్వ కొట్టం చూరు వెతికి సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నీ మేనకోడలు చేసిన ఘనకార్యం చూడప్పా."

"నేను లోపలికి పోలేదు మామా" అని వదిన మూడుసార్లు చెప్పింది. నాయన చేతిలో మల్బరీ కట్టె విరిగిందాకా చెప్పలేక మూడింటితో మానుకుంది. నేను జుట్టు ఆరబెట్టుకుంటూనే ఉన్నాను. అబద్ధం ఆడే శ్రమ కూడా నాకు పెట్టలేదు మా అవ్వ.

మూడో దినానికి పురుగులు ఆకు ముట్టక ముడుచుకుపోయాయి. గంపలతో ఎత్తి గుంతలో పోశారు. ఆ సాయంత్రమే వదినను శిడ్లఘట్టలో దూరపు బంధువుల నూలు తీసే కొట్టానికి పంపారు. మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు ఉడుకుతూ ఉంటే వేళ్ళు ముంచి దారపు కొసలు వెతికే పని. బడి అక్కడితో సరి. వారం తర్వాత రేష్మె ఇలాఖె, అంటే సర్కారు పట్టు శాఖ, ఆయన వచ్చి, ఇది గుడ్లతోనే వచ్చిన రోగమనీ, పక్క ఊళ్ళలోనూ ఇంతేననీ చెప్పి పోయాడు. అయితే పిల్లను తెప్పిద్దామా అని అమ్మ గొణిగింది. "అయిపోయిందానికి ఇప్పుడేమిటికి?" అంది అవ్వ. నాటకంలో ఆ వేషం డాక్టరుగారి అమ్మాయికి పోయింది. నేను మళ్ళీ గుమ్మడికాయనే. బాగా కూర్చున్నానని అందరూ మెచ్చుకున్నారు.

ఏడాది గడిచాక బాగేపల్లి నుంచి ఆ సవతితల్లి ఒంటరిగా బస్సెక్కి శిడ్లఘట్టకు పోయి, తెల్లగా నానిపోయి పగిలిన ఆ వేళ్ళు చూసి, పిల్లను చేయి పట్టుకుని లేపి వెంట తెచ్చుకుంది. గుడ్డల పెట్టె కోసం మా గడపదాకా వచ్చింది గానీ లోపలికి రాలేదు.

"నేను రాచిరంపాన పెడతానని బిడ్డను మీకాడ పెట్టుకుంటిరి. బాగా చూసుకున్నారమ్మా" అంది అవ్వతో.

ఆమె పూట పూటకీ వదిన వేళ్ళకు కొబ్బరినూనె రాసి, మళ్ళీ బడికి పంపి చదివించింది. అవ్వ మాత్రం సవతితల్లుల కథలు చివరిదాకా చెబుతూనే ఉండింది, నేను వింటూనే ఉన్నాను.

మొన్న తెరమీద సవతి చెల్లెళ్ళు క్షమాపణ పాట ఎత్తుకున్నప్పుడు, ఆ చీకటి నాకు ధైర్యమిచ్చింది. వదినా, ఆ పొద్దు పురుగులింట్లోకి పోయింది నేను, అని మొదలుపెట్టాను. ఆమె తెరమీంచి చూపు తిప్పలేదు.

"తెలుసులే అమ్మీ. శుక్రవారం కాదు, పండగ కాదు, బుధవారం నాడు అవ్వ నీకు ఏమిటికి తలకు పోసిందో ఆ పొద్దే తెలిసె. సినిమా చూడు, బాగుండాది."

మనవరాలు చేయి కాలుతుందని వదిలేసిన మొక్కజొన్నల కప్పును వదిన అరచేతుల్లో హాయిగా పట్టుకుని ఉంది. ఆ వేళ్ళకు వేడి తెలియదు. నేను యాభై అయిదేళ్ళు దాచిన మూట ఆమె ఆనాడే విప్పి చూసి, మళ్ళీ కట్టి నా నెత్తినే పెట్టిందన్నమాట.

ఇప్పుడు మా వైపు పురుగులకు వేరే షెడ్లు వచ్చాయి, నూలు తీయడానికి యంత్రాలు వచ్చాయి, కథల్లో తోడేళ్ళకు పాటలొచ్చాయి. మన కాలపు కథల్లో చెడ్డవాళ్ళకు తప్పకుండా శిక్ష పడేది, ఇప్పుడు గొంతు కలిపితే చాలు, వదిలేస్తారు. పిల్లలకు ఇదే మేలేమో. శిక్ష పడనివాళ్ళ కథ మాత్రం ఎక్కడ ముగుస్తుందో అప్పటివాళ్ళూ చెప్పలేదు, ఇప్పటివాళ్ళూ చెప్పడం లేదు.

ఆటోలో వస్తూ, సినిమాలో నీకు ఎవరు నచ్చారని మనవరాలు వదినను అడిగింది.

"ఆ గుమ్మడికాయ పాపా. అంతా చూస్తా కూడా కడదాకా నోరు తెరవలేదు చూడు."

పిల్ల పకపకా నవ్వింది, వదిన కూడా నవ్వింది. గుమ్మడికాయల దొంగ సామెత మన తరానికి నేను గుర్తుచేయనక్కరలేదు. నా చేయి దానంతటదే భుజం మీదికి పోయింది, ఇల్లు చేరిందాకా అక్కడే ఉండింది.