గాజులకు కాపలా

ఉషశ్రీ ఫోన్లో వ్యాయామాల యాప్ ఒకటి ఉంది. డెడ్‌లిఫ్ట్, స్క్వాట్ అంటూ అందరి ఫోన్లలో ఉండే పేర్లే అందులోనూ ఉంటాయి. కానీ అన్నిటికన్నా పైన ఇంకెవరి ఫోన్లోనూ లేని పేరొకటి కనిపిస్తుంది: ‘అత్తగారు’. మన సొంత వ్యాయామం ఏదైనా ఉంటే చేర్చుకోమని ఆ యాప్ చేసినవాళ్ళు ఒక ఖాళీ గడి వదిలారు. అందులోకి ఎవరొచ్చి కూర్చుంటారో పాపం వాళ్ళేం కలగన్నారు!

ఉషశ్రీది పామర్రు. వాళ్ళ నాన్నది ధాన్యం వ్యాపారం. ఇంటినిండా బస్తాలే గానీ ఆడపిల్ల కదా అని చేట కూడా ఎత్తనివ్వలేదు. ఆమె మోసిందల్లా పుస్తకాలే. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, బెజవాడలో ఒక కోచింగ్ కాలేజీలో పదహారేళ్ళు పాఠాలు చెప్పింది. మనిషి మెత్తన, నమ్మకం మాత్రం మహా గట్టిది. మనుషులు పొరబడతారు గానీ అంకె పొరబడదు అనేది. కూరలో ఉప్పు కూడా చెంచాతో కొలిచే వేసేది. అయినా అప్పుడప్పుడూ ఉప్పు కషాయం అయ్యేది, అది వేరే సంగతి.

భర్త జయకృష్ణకి గవర్నర్‌పేటలో ఫ్యాన్లూ మోటార్లూ అమ్మే హోల్‌సేల్ కొట్టుంది. పొద్దున్నే వెళితే రాత్రి భోజనానికే రావడం. ఇల్లు సత్యనారాయణపురంలో. ఆ ఇంటికి పెద్ద దిక్కు అతని తల్లి దుర్గాంబ. డెబ్బై దాటినా ఆవిడ నోరు మాత్రం ఇంకా పడుచుదే.

ఆ దుర్గాంబ పోయిన సంక్రాంతి వెళ్ళిన నెలలో బాత్‌రూమ్ గడప దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కచ్చితంగా చెప్పాడు. “పగలు నాలుగైదు సార్లయినా లేపి నిలబెట్టండి. మంచానికి అలవాటు పడ్డారంటే ఇక లేవరు.”

పొద్దునా రాత్రీ కొడుకు లేపేవాడు. పగలు లేపే దిక్కు లేదు. ఇద్దరు ఆయాల్ని పెడితే, దుర్గాంబ నోటికి తట్టుకోలేక ఇద్దరూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఉషశ్రీ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. ఒకరోజు తనే లేపబోయింది. అత్తగారు అంగుళం కదల్లేదు గానీ ఆమె నడుం పట్టేసింది. ఆ మధ్యాహ్నం దుర్గాంబకి మంచంలోనే బెడ్‌పాన్ పెట్టాల్సి వచ్చింది. గోడవైపు తిరిగి, “పడుకున్నచోటే కానిచ్చుకునే గతి పట్టిందమ్మా నాకు,” అని ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం ఉషశ్రీకి అదే మొదటిసారి. 

మర్నాడు ఆమె తిన్నగా పక్కవీధిలో ఉన్న జిమ్‌కి వెళ్ళి ఆడవాళ్ళ బ్యాచ్‌లో పేరిచ్చింది. అత్తగారి బరువు యాభై ఎనిమిది కిలోలని ఆస్పత్రి కాగితంలో ఉంది. “అరవై ఎత్తగలగాలి. ఎన్నాళ్ళు పడుతుంది?” అని అడిగింది.

అక్కడి ట్రైనరు వినీల పాతికేళ్ళు నిండని పిల్ల. బరువు తగ్గాలని వచ్చేవాళ్ళనే చూసింది గానీ, అత్తగారిని ఎత్తాలని వచ్చినావిడని చూడలేదు. “తొందరపడకపోతే నాలుగైదు నెలలు ఆంటీ,” అంది.

ఈ కబురు విని దుర్గాంబ, “ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట,” అంది. అయినా కోడలు జిమ్‌లో ఉన్నంతసేపూ తనకి తోడుండమని ఎదురింటి అమలమ్మని పిలిపించింది కూడా ఆవిడే.

వాచీ సంగతి చెప్పాలి. ఫ్యాన్ల కంపెనీవాళ్ళు జయకృష్ణకి స్కీములో ఒక స్మార్ట్ వాచీ ఇచ్చారు. కూర్చున్నది చాలు, లేచి నిలబడమని అది గంటగంటకీ గుర్రుమంటుంటే, “నేను లేస్తే గల్లాపెట్టె దగ్గర నువ్వు కూర్చుంటావా?” అని దాన్ని తిట్టి సొరుగులో పడేశాడు. ఉషశ్రీ దాన్ని తీసి ఎడంచేతికి, మట్టిగాజుల కిందుగా పెట్టుకుంది. బరువు ఎన్నిసార్లు ఎత్తిందీ అదే లెక్కపెడుతుంది. పదిసార్లు కాగానే సెట్టు పూర్తయిందని వణుకుతుంది. రోజూ ఆ లెక్కంతా ఫోన్లోకి వెళ్ళి గీతలా కనబడుతుంది. ఆ గీత పైకి పోతుంటే ఆమెకి, మొండి విద్యార్థి ఒకడు ర్యాంకు తెచ్చుకున్నంత సంబరంగా ఉండేది.

రెండు నెలలయ్యేసరికి యాప్ పొగడ్తలు ఎక్కువయ్యాయి. మీరు భేష్, బరువు పెంచండి అంది. వినీల చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. అడిగితే, “తేలిగ్గా ఉంటేనే పెంచండి ఆంటీ,” అంది. ఉషశ్రీకి తేలిగ్గానే ఉంది, పెంచింది. ఒక మధ్యాహ్నం ఇక ఆగలేక, “లేవండి అత్తయ్యా, నేనున్నాను,” అంది.

దుర్గాంబ నమ్మి, కోడలి మెడచుట్టూ చేతులు వేసింది. సగం దాకా లేచారు. అక్కడ ఉషశ్రీ తొడలు వణికాయి, పట్టు జారింది, ఇద్దరూ కలిసి మంచం మీద కూలబడ్డారు. మంచం పట్టీకి తగిలి రెండు గాజులు చిట్లాయి. పెంకు గీసుకుని దుర్గాంబ మోచేతి దగ్గర రక్తం చిమ్మింది.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే ఉషశ్రీకి అంత భయం వేసేది కాదు. “ఇంక నన్నెవరూ లేపొద్దు,” అంది మెల్లగా. అన్నట్టే మర్నాడు పొద్దున కొడుకు వచ్చినా చెయ్యి ఇవ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు. డాక్టరు చెప్పిన మాట ఉషశ్రీ చెవుల్లో మోగుతూనే ఉంది.

జిమ్‌లో ఈ సంగతి చెబుతూ ఆమె ఏడ్చేసింది. వినీల బ్యాచ్ అంతటినీ ఆపి, “ఒకసారి ఎత్తండి. నేను పైకి లెక్కపెడతాను,” అంది. వినీల ఐదు అనేసరికి వాచీ వణికింది. సెట్టు పూర్తయిందట!

ఇద్దరూ వంగి చూశారు. బరువు ఎత్తినప్పుడు గాజులు జారి వాచీని ఒకసారి కొడుతున్నాయి, దించినప్పుడు ఇంకోసారి కొడుతున్నాయి. ఆ వాచీ ఒక్కోసారిని రెండుగా లెక్కేస్తోంది. అంటే ఇన్నాళ్ళూ ఆమె చేసింది సగం పనే. జవాబు వచ్చాక సరిచూసుకోండర్రా అని పదహారేళ్ళు పిల్లలకి చెప్పిన మనిషి, ఐదు దాకా తను లెక్కపెట్టుకోలేదు! సిగ్గుతో చచ్చిపోయింది.

“వాచీ లేకపోయినా లెక్కపెట్టుకోవచ్చు ఆంటీ,” అంది వినీల. “గాజులు మాత్రం తియ్యాలి. మనిషిని ఎత్తే చేతికి గాజులుంటే వాళ్ళకే గుచ్చుకుంటాయి.”

ఉషశ్రీ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎంత ఎమ్మెస్సీ అయినా, మొగుడు బయట తిరుగుతున్నంతసేపూ చేతులు బోసిగా ఉంచకూడదన్న అమ్మ మాట ఆమె ఎముకల్లో ఉంది. ఆ రోజు ఇంకేమీ ఎత్తకుండానే ఇంటికి వచ్చింది.

గోడవైపు తిరిగి పడుకున్న అత్తగారి పక్కన కూర్చుని అంతా చెప్పింది. “తప్పు నాదే అత్తయ్యా. ఆ అంకెని నమ్మి మిమ్మల్ని పడేశాను. నేను చేసింది సగం పనే.”

 గోడవైపు నుంచే దుర్గాంబ, “సగం పనికే నన్ను సగం దాకా లేపావుగా,” అంది.

ఉషశ్రీ తలెత్తి చూసింది.

దుర్గాంబ ఇటు తిరిగింది. “ఆ గాజులు తీసి నా చేతికి వెయ్యి.”

“మీ చేతికా అత్తయ్యా?”

“నువ్వు తీసి బల్లమీద పెడితే అది బోసి చెయ్యి. ఇంట్లో ఇంకో చేతికి ఉంటే కాదు. నువ్వు జిమ్‌కెళ్ళి వచ్చేదాకా నేను కాపలా ఉంటాను. వెయ్యి.”

మామగారు పోయిన నాటినుంచి, పదకొండేళ్ళుగా, ఆ చేతికి మట్టిగాజు లేదు. వెయ్యొద్దని ఎవరూ అనలేదు, వేసుకోమనీ ఎవరూ అనలేదు. జబ్బుతో చిక్కిన చెయ్యి కావడంతో గాజులు సబ్బు రాయకుండానే ఎక్కాయి. దుర్గాంబ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మెట్లమీద చప్పుడవగానే గబుక్కున దుప్పటి కిందికి లాక్కుంది. “అమలమ్మ వస్తోంది. ఆవిడకి చెప్పకు,” అంది.

అలా మొదలైంది. రోజూ బయల్దేరేముందు ఉషశ్రీ రెండు చేతుల గాజులూ అత్తగారికి తొడగడం, రాగానే తిరిగి తొడుక్కోవడం. అమలమ్మ టీవీ చూస్తున్నంతసేపూ దుర్గాంబ చేతులు దుప్పటి కిందే ఉండేవి. ఎండాకాలంలో కూడా ఇంత చలేమిటని అమలమ్మ రెండుసార్లు ఫ్యాన్ తగ్గించింది కూడా.

గాజులు లేని వాచీ నిజం చెప్పడం మొదలెట్టింది. ఉషశ్రీ బిళ్ళలు తగిలించని ఉత్త ఇనప బార్‌తో మళ్ళీ మొదట్నుంచి ఎత్తడం మొదలుపెట్టింది. గీత ఢామ్మని కిందపడింది. మీ బలం తగ్గుతోంది, విశ్రాంతి తీసుకోండి అని యాప్ పరామర్శించింది. ఉషశ్రీ పకపకా నవ్వింది. ఇప్పుడు ఆమె వాచీతో పాటు తనూ పైకి లెక్కపెడుతోంది. గీత నత్తలా పాకుతున్నా, ఈ నత్త తనదేనన్న ధైర్యం వచ్చింది.

దుర్గాంబ కొడుక్కి మళ్ళీ చెయ్యి ఇవ్వసాగింది. మంచంలో కాళ్ళు ఆడించే వ్యాయామం తిట్టుకుంటూనే చేసేది. కోడలు గుమ్మంలోకి రాగానే, “ఇవాళ ఎంత?” అని మార్కులు అడిగినట్టు అడిగేది. ఒకరోజు ఫోన్లో ఆ జాబితా చూసి, “ఏవేవో పేర్లన్నీ ఉన్నాయి దీంట్లో, నా పేరేదీ?” అంది. ఆ ఖాళీ గడిలోకి ‘అత్తగారు’ వచ్చింది ఆ రోజే. పక్కన బరువు యాభై ఎనిమిది అని వేసి, ఎన్నిసార్లు అన్నచోట ఖాళీ వదిలారు.

వానలు పడ్డాక ఒక సోమవారం ఉషశ్రీ అరవై కిలోల బార్‌ని ఐదుసార్లు ఎత్తింది. వినీల పక్కన నిలబడి పైకి లెక్కపెట్టింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, చంకల కింద చేతులేసి కాదు, అత్తగారి నడుముకి బెల్టు కట్టి, అది పట్టుకుని లేపాలని నేర్పి వెళ్ళింది.

మర్నాడు ఉషశ్రీ జిమ్ నుంచి వచ్చేసరికి అమలమ్మ ఇంకా సీరియల్ చూస్తోంది. దుర్గాంబ, “ఉషా, ఇప్పుడు,” అంది.

“అమలమ్మగారు వెళ్ళాక…” అంటూ ఉషశ్రీ దుప్పటి వైపు చూసింది.

“నాకు ఇప్పుడే వెళ్ళాలి. బాత్‌రూమ్‌కి.”

ఉషశ్రీ అత్తగారికి బెల్టు కట్టి, మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టింది. భయం వేసింది. ఆ సగం దగ్గరికి వచ్చేసరికి ఇంకా వేసింది. కానీ ఈసారి తొడలు నిలబడ్డాయి. సగం దాటింది. దుర్గాంబ పాదాలు నేలమీద ఆనాయి, నడుం నిటారైంది. ఎదురుగా పెట్టిన వాకర్ పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. దుప్పటి జారింది. ఆకుపచ్చ గాజులు వాకర్ కడ్డీకి తగిలి గలగలమన్నాయి.

అమలమ్మ చూసింది. నోరు తెరుచుకుంది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఉషశ్రీ బెల్టుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“చూసింది చాల్లే గానీ ఆ కుర్చీ అడ్డం తియ్యి అమలమ్మా,” అంది దుర్గాంబ.

అమలమ్మ కుర్చీ తీసింది. ఒక్క క్షణం ఆగి, ముందు నడిచి బాత్‌రూమ్ లైటు కూడా వేసింది. దుర్గాంబ ఒక్కో అడుగూ వేసుకుంటూ, తను జారిపడిన ఆ గడప దాటి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బయట ఉషశ్రీ గోడకి ఆనుకుని ఏడ్చింది. ఏమీ దాచుకోలేదు.

మళ్ళీ పడుకోబెట్టాక దుర్గాంబ, “దాంట్లో రాశావా?” అని అడిగింది. ‘అత్తగారు’ పక్కన ఖాళీలో ఉషశ్రీ ఒకటి వేసి చూపించింది. దుర్గాంబ తలూపి, గాజులు ఒక్కొక్కటే తీసి ఆమె చేతికిచ్చి, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది.

ఉషశ్రీ వంటింట్లోకి వెళ్ళి తొడుక్కుంటూ, అలవాటైపోయిన కొత్త బుద్ధి కొద్దీ లెక్కపెట్టుకుంది. ఒకటి తక్కువైంది. గుమ్మంలోంచి తొంగిచూసింది. దుర్గాంబ నిద్ర నటిస్తోంది. ఒక్క ఆకుపచ్చ గాజున్న ఆ చెయ్యి దుప్పటి పైనే ఉంది. ఉషశ్రీ వెనక్కి తిరిగి మిగిలిన గాజులు తొడుక్కుని పొయ్యి వెలిగించింది.