డాలరు గుర్తు పెట్టిన పాటలు

విశాఖలోని ఒక చిన్న కంపెనీకి నేను అరకులో కూర్చుని పనిచేస్తాను. వానొస్తే నెట్ పోతుంది, గాలొస్తే కరెంటు పోతుంది, రెండూ ఉన్న రోజున మేనేజరు ఫోన్ చేస్తాడు. ఆ ఏడాది మా పని కొండ మీది బడుల కోసం పాటలు సిద్ధం చేయడం. ఊళ్ళలో ఆడవాళ్ళు పెద్దవాళ్ళ పాటలు ఫోన్లలో రికార్డు చేసి పంపుతారు. మేం వాటిని చిన్న ఫైళ్ళుగా మార్చి బడిపిల్లల ట్యాబుల్లో ఎక్కించాలి. అసలు ఫైళ్ళు సర్వర్లో చోటు తినేస్తున్నాయని, మార్చడం అయిపోగానే వాటిని చెరిపేసే ఏర్పాటు చేశారు.

ఇదంతా ఒక మేక్‌ఫైలు చేస్తుంది. ఏ పని తర్వాత ఏ పని చేయాలో కంప్యూటరుకు రాసిపెట్టిన వరస అది. అందులో ఒక లూపు ఫోల్డరులోని పాటలను ఒక్కొక్కటే తీసి మారుస్తుంది, చివర ఫోల్డరు ఖాళీ చేస్తుంది. రాసింది మేనేజరు, పరీక్షించాల్సింది నేను.

పరీక్షల దగ్గర నాకు చాదస్తం ఎక్కువ. ఉత్తుత్తి ఫైళ్ళు చేసి వాటికి వంకర పేర్లు పెట్టాను. పేరులో ఖాళీ ఉన్నచోట, కొటేషను ఉన్నచోట లూపు ఎర్రగా అరిచి ఆగిపోయింది. అరిచింది కాబట్టి వాటిని బాగుచేశారు. డాలరు గుర్తు దగ్గర మాత్రం అరవలేదు. మేక్‌ఫైలు వెనక నడిచే షెల్ అనే ప్రోగ్రాముకు డాలరు మామూలు అక్షరం కాదు, ఇక్కడ ఇంకేదో పెట్టమనే ఆజ్ఞ. దాన్ని మామూలు అక్షరంగా చూడమని చెప్పడానికి ముందు ఇంకో గుర్తు తగిలించాలి. దాన్నే ఎస్కేప్ చేయడం అంటాం. మేనేజరు తాను రాసిన డాలర్లకు ఆ జాగ్రత్త తీసుకున్నాడు, ఫైళ్ళ పేర్లలో వచ్చేవాటిని గాలికి వదిలేశాడు. నా డాలరు ఫైలు దగ్గర లూపు ‘దొరకలేదు’ అని ఒక వరుస గొణిగి ముందుకు పోయింది. ఆఖర్న అంతా సవ్యంగా ఉందని చెప్పి, మార్చని ఆ ఫైలును కూడా చెరిపేసింది.

మేనేజరుకు చూపించాను.

“ఫైలు పేరులో డాలరెవడు పెడతాడమ్మా? మీవాళ్ళకి ఆ గుర్తు ఎక్కడుందో కూడా తెలీదు. ఆ టెస్టు తీసీ. రేపు అధికారులొస్తన్నారు.”

“ఒక్క వరుస మారిస్తే సరిపోతుందండీ.”

“ముట్టుకుంటే మళ్ళీ అన్నీ చూసుకోవాలి. బేగి తీసీ.”

నేను తీయనన్నాను. ఆయనే తీసేశాడు. మర్నాడు నన్నూ విశాఖ ఆఫీసుకు రప్పించారు. తెర మీద అన్నీ పచ్చగా వెలిగాయి, అధికారులు చప్పట్లు కొట్టారు. గిరిజన అమ్మాయి కూడా టీములో ఉందని నన్ను ముందు వరసలో నిలబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటో చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వానల్లో మా పెద్దమ్మ జ్వరంతో పోయింది. పాచిపెంట పైన కొండ మీద వాళ్ళ ఊరు. సామలు దంచుతూ ఆవిడ పాడే పాటలు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ పూర్తిగా రావు. దినం నాడు నేను వెళ్ళేసరికి పెద్దమ్మ కోడలు, మా వదిన, బడి నుంచి ట్యాబు తెప్పించుకుని అరుగు మీద కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళందరికీ అత్త గొంతు వినిపించాలని ఆమె ఆశ. ట్యాబులో ఊరందరి పాటలూ ఉన్నాయి. పక్కింటి ముసలాయన దగ్గు కూడా ఉంది. పెద్దమ్మ లేదు.

“అత్త పాటలేవమ్మీ? నానే కదా పంపినాను.”

“ఏ పేరుతో పంపావు వదినా?”

ఫోన్ తీసి తను పంపిన మెసేజ్ చూపించింది. డాలరు గుర్తు, పక్కన ఒకటి. దాని కింద డాలరు, రెండు. ఫోన్లో చోటు చాలక పాటలను ఎప్పుడో తీసేసింది.

“పేరెలా రాత్తాను? అత్త పేరు కోడలు పలకొచ్చునా? ఎవరి పేర్లోనూ రాని అచ్చరం కోసం ఎతికి ఇది ఎట్టినాను.”

మా ఇళ్ళలో అంతే. కోడలు అత్త పేరు నోట పలకదు, చేత్తో రాయదు. ఆ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దానికీ డాలరుకూ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

పెరట్లోకి వెళ్ళి మేనేజరుకు ఫోన్ చేశాను. ఇంకో కాపీ ఎక్కడా లేదన్నాడు. “అయ్యో, సారీ అమ్మా. ఇంకో ముసలామెని పాడించండి” అన్నాడు. నా నోటికొచ్చిన మాటలన్నీ అనేసి పెట్టేశాను. ఏం లాభం? తిట్లకు పాటలు తిరిగి రావు.

వదిన దగ్గర కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు పూర్తిగా మాదేనని, ఆమెది కాదని మళ్ళీ మళ్ళీ అన్నాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

“అయితే పేరు రాసీసుంటే పాటలుండునా అమ్మీ?”

అబద్ధం చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. “ఉండేవి వదినా” అన్నాను.

వదిన ట్యాబును పక్కకు నెట్టి లేచింది. అన్నం ముద్దలు పెడుతున్న పెద్దల మధ్యకు వెళ్ళి నిలబడి, అత్త పేరు గట్టిగా పలికింది. అందరూ తలెత్తి చూశారు. మా అన్న కంగారుగా వచ్చి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

“ఇంక పలక్కపోతే ఏటి మిగుల్తాది?” అంది.