ఎడమ లైటు బాగుచేసిన సంగతి

మా ఆయన కారుకు వెనక ఎడమ లైటు బాగుచేసింది నేను. టీ అంగడి దగ్గర ఆయన చెప్పుకునేది వేరు. అది విన్నవాళ్ళు ఇది కూడా చదివితే మంచిది. ఆయన మాత్రం చదవడు. చిన్నప్పుడే బడికి పోయి పదో తరగతి దాకా చదివేశాడు కాబట్టి ఇక చదవాల్సింది ఏమీ మిగల్లేదని ఆయన నమ్మకం. నేను యాభై రెండేళ్ళకు అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు అరవై ఎనిమిది. ఇంకా ఆత్రం తీరలేదు, ఉప్పు పొట్లం మీద అచ్చేసింది కూడా వదలను. ఆయన చదవడన్న ధైర్యంతోనే, ఆయనకు చెప్పని సంగతి ఒకటి ఇందులో రాస్తున్నాను.

మాది నగరి. మాకు ఆరు మరమగ్గాలు ఉండేవి. మోకాళ్ళు అరిగాక వేరేవాళ్ళకు అప్పగించి ఇద్దరం ఇంట్లో కూర్చున్నాం. నిజానికి ఇద్దరం కూర్చోలేదు. నాకు వంట ఉంది, ఆయనకు కారు ఉంది. పొద్దున తొమ్మిదికి ఇడ్లీ తిని, కారు తీసి, బైపాసు దగ్గర టీ అంగడికి పోతాడు. అక్కడ ఆయనలాంటివాళ్ళు ఇంకో ముగ్గురు ఉంటారు. ఒంటిగంటకు అన్నానికి వస్తాడు. ఆ నాలుగు గంటలూ ఇల్లు నాది. పొయ్యి ఆర్పేసి, గుమ్మంలో కాళ్ళు చాపుకొని, పేపరు మీద వేలు పెట్టి పైకి చదువుకుంటాను. ఒక్కో పదం దగ్గర ఎంతసేపైనా ఆగుతాను. వినేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు.

ఇలా ఉండగా లైటు చెడింది.

తిరుపతిలో మా కూతురింటికి పోయి తిరిగి వస్తుంటే, ఆ రోజు కూతురూ అల్లుడూ మాతోపాటే నగరికి బయలుదేరారు. ముందు మా కారు, వెనక వాళ్ళది. మబ్బు పట్టిన సాయంత్రం. మా ఆయనకు బ్రేకు ఒక్కసారిగా నొక్కడం రాదు. ఇడ్లీ ఉడికిందో లేదో చూసినట్టు తట్టి తట్టి నొక్కుతాడు. పుత్తూరు దాటాక ఒక బర్రె అడ్డం వచ్చింది. ఈయన అలాగే తట్టాడు. తట్టినప్పుడల్లా మా కారు వెనక ఎడమ ఇండికేటరు మినుకు మినుకుమందట. ఈయన బర్రెను తప్పించుకొని ముందుకు పోయాడు. బర్రె మాత్రం మళ్ళీ రోడ్డు మధ్యకొచ్చి అల్లుడి కారు ముందు నిలబడిపోయింది. అది కదిలేసరికి మేము కనిపించలేదు. మా అల్లుడు పద్ధతైన మనిషి. మామ ఎడమకు లైటు వేశాడు కాబట్టి ఎడమకే పోయుంటాడని, అక్కడ ఎడమ పక్కనున్న దోవలోకి తిప్పాడు.

ఆ దోవ నేరుగా ఒక కళ్యాణ మండపంలోకి పోతుంది. మామ ఎవరిదో పెళ్ళికి వచ్చాడు, మాకు చెప్పడం మరిచిపోయాడు అనుకున్నాడు అల్లుడు. గుమ్మం దగ్గర వీళ్ళ మీద పన్నీరు చల్లారు, చేతిలో కలకండ పెట్టారు, తీసుకుపోయి పంక్తిలో కూర్చోబెట్టారు. మా కూతురు ఫోను మీద ఫోను చేస్తోంది. బండి నడిపేటప్పుడు మా ఆయన ఫోను ఎత్తడు, నాది ఇంట్లో మరిచిపోయాను. అల్లుడు మాత్రం మామ వస్తాడని పక్కన ఒక ఆకు పట్టి ఉంచి, తన ఆకులో వడ్డించింది తిన్నాడు.

రెండు గంటల తర్వాత మా వాకిట్లో దిగింది కూతురు.

"నాయనా, మేము కాబట్టి పాయసం తాగి వచ్చినాము. ఎనకాల లారీ ఉండుంటే ఏమయ్యేది?"

"బర్రె అడ్డమొచ్చింది మా."

"బర్రెను అనొద్దు. దానికి లైట్లు లేవు. నీ బండికి ఉండి, అబద్ధం సెప్తా ఉండాయి."

"వడ బాగుండింది అత్తా," అన్నాడు అల్లుడు నాతో, మెల్లగా.

కూతురు కారు తాళం తీసి నా చేతిలో పెట్టింది. లైటు సరయ్యే దాకా బండి కదలకూడదని ఆజ్ఞ. మెకానిక్కును ఇంటికే పిలిచాం. రెండుసార్లు వచ్చి రెండు కొత్త బల్బులు వేశాడు. మూడోసారి తల గోక్కొని, మొత్తం వైరింగు మార్చాలేమో అన్నాడు. అది విని కూతురు, ఇంత పాత బండికి అంత పని ఎందుకు, అమ్మేద్దాం అంది.

ఈలోపల మా ఆయన ఇంట్లో ఉన్నాడు. తొమ్మిదికీ ఉన్నాడు, పదికీ ఉన్నాడు, పదకొండుకూ ఉన్నాడు.

మొదటి రోజు కుక్కరు పక్కన నిలబడి విజిళ్ళు లెక్కపెట్టాడు.

"మూడు అయినాయి మే!"

"నాకూ సెవులు ఉండాయి."

రెండో రోజు పోపుల డబ్బా సర్ది, ఆవాల చోట మెంతులు పెట్టాడు. ఆ పూట చారు చేదు. మూడో రోజు నేను పేపరు చదువుకుంటుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. నేను పదం కూడబలుక్కుంటుండగానే తను టక్కున పలికేస్తాడు. సాయం చేస్తున్నాడట. నోట్లో పెట్టుకోబోయే ముద్ద ఎవరో లాక్కున్నట్టుంది నాకు. పేపరు మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేశాను.

ఆ గురువారం కూతురు ఫోను చేసింది.

"అమ్మా, పాత బండ్లు కొనే ఆయనతో మాట్లాడినా. రేపు వస్తాడు."

"రేపు శుక్రవారం. శుక్రవారం ఇంట్లోది బయటికి పంపేది లేదు."

"సరేలే, శనివారం పదింటికి రమ్మంటా."

ఫోను పెట్టి మా ఆయన వైపు చూశాను. చెనక్కాయలు ఒలుస్తూ హాయిగా ఉన్నాడు. "పోతే పోనీలే మే. ఇంక నీకు తోడుగా నేను ఇంట్లోనే ఉంటా. కూరగాయలు నేనే తరుగుతా," అన్నాడు.

ఆయన బాధపడి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ సంతోషం చూసి నాకు భయం వేసింది.

శుక్రవారం పొద్దున కొంగు నడుముకు దోపి కారు దగ్గరికి పోయాను.

"యాడికి మే?"

"నీ బండి సంగతి తేలుస్తా."

"నీకేం తెల్సు బండి గురించి?"

"మగ్గాలకు మోటారు ఆగిపోతే ఎవురు సూసినారు? నువ్వా?"

 మోటారు ఆగినప్పుడల్లా ఆయన వీధిలో నూలు అమ్మేవాళ్ళతో మాట్లాడుతుండేవాడు. లోపల గ్రీజు పూసుకున్నది నేనే.

ముందు ఫ్యూజుల పెట్టె తెరిచాను. మూత మీద అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలే. పదో తరగతి చదివిన మనిషి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి తలకిందులుగా పట్టుకున్నాడు. నాకు మాత్రం దీపం బొమ్మ దీపంలాగే కనిపించింది. ఫ్యూజు తీసి చూస్తే బాగానే ఉంది. ఫ్యూజే పోయుంటే రెండు వైపులా పోవాలి కదా, కుడివైపు వెలుగుతూనే ఉంది.

తర్వాత, ఆయన్ను సీట్లో కూర్చోబెట్టి బ్రేకు నొక్కమన్నాను. నేను వెనక నిలబడ్డాను. కుడి పక్క ఎర్రగా వెలిగింది. ఎడమ పక్క బ్రేకు లైటు నీరసంగా కనబడీ కనబడనట్టు ఉంది, పక్కనే ఇండికేటరు పిలవకుండానే మసకగా వెలిగింది.

"ఎలిగిందా మే?"

"ఉండు, సూస్తా ఉండా."

ఆయన ఉండలేదు. దిగి గబగబా వెనక్కి వచ్చి చూశాడు.

"ఏదీ? రెండూ ఎలగలేదే!"

"కాలు యాడుంది నీది?"

"ఈడనే ఉంది, ఎందుకు?"

"ఈడుంటే ఆడ బ్రేకు ఎవురు తొక్కతారు, మీ మేనమామా?"

సరేనని పోయి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ దిగి వచ్చాడు. నాలుగుసార్లు ఇదే వరస. ఐదోసారి నేను వంటింట్లోకి పోయి కవ్వం తెచ్చి, ఆయన్ను వరండాలోకి పంపేసి, సీటుకూ బ్రేకుకూ మధ్య బిగించాను. కవ్వం దిగి రాలేదు, ప్రశ్నలు వేయలేదు.

డిక్కీ లోపలి నుంచి బల్బులు విప్పి, ఎడమది కుడికీ కుడిది ఎడమకూ మార్చాను. ఎడమ బల్బు కుడివైపు పోయి బ్రహ్మాండంగా వెలిగింది. కుడిది ఎడమకు వచ్చి జబ్బు పడింది. అంటే బల్బులో దోషం లేదు, ఆ చోటులో ఉంది.

అక్కడ కాస్త నిలబడి ఆలోచించాను. మగ్గం మీద ఒక్క పోగు తెగితే ఆ పోగుదే తప్పు. ఒకే పక్క పోగులన్నీ ఒకేసారి వదులైతే ఏ పోగునూ తిట్టి లాభం లేదు, అవన్నీ కలిసే చోటుకు పోయి చూడాలి. ఇక్కడా బ్రేకు లైటు, ఇండికేటరు, రాత్రిపూట వెలిగే చిన్న లైటు మూడూ కలిసి చెడ్డాయి. మూడింటికీ వైర్లు వేరువేరు రంగుల్లో వస్తున్నాయి. మూడింటి నుంచీ వెనక్కి పోయే వైరు మాత్రం ఒక్కటే, నల్లది. అదే ఎర్తు. మోటార్లకూ ఉండేది. అది సరిగా లేకపోతే కరెంటు వెనక్కి పోయే దోవ లేక, పక్క బల్బుల్లో దూరి పోతుంది. ఇండికేటరు అబద్ధం చెప్పింది అందుకే.

ఒక వైరు ముక్క తీసుకొని, ఒక కొస ఆ నల్ల వైరుకు ఆనించి, ఇంకో కొస డిక్కీలో రంగు లేచిపోయిన ఇనుముకు తాకించాను. ఎడమ లైటు భగ్గున ఎర్రగా వెలిగింది! ఇండికేటరు నోరు మూసుకుంది. వీధిలో ఎవరూ చూడలేదు. చూసింది కవ్వం ఒక్కటే.

ఇక నల్ల వైరు ఎక్కడ బిగించి ఉందో చూడాలి. వేలు దాని మీదే పెట్టి, పదం మీద పెట్టినట్టే, మెల్లగా జరుపుకుంటూ పోయాను. అది ఎడమ మూల అట్ట వెనకకు దిగింది. అట్ట పక్కకు లాగి చెయ్యి పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీస్తే ఎర్ర గుడ్డ. గుడ్డలో నల్లబడి కుళ్ళి ఎండిన నిమ్మకాయ.

ఇప్పుడు ఆ చెప్పని సంగతి.

ఆ నిమ్మకాయ నాది. కారు ముందు నేను కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ ఆయన తెంపి పారేసేవాడు. ఇనుముకు దిష్టేంది, అనేవాడు. గూడూరులో ఉన్న మా తమ్ముడు సంచి నిండా నిమ్మకాయలు పంపిస్తాడు. అందుకని అమావాస్యకు అమావాస్యకూ ఒక కాయ, పసుపూ కుంకుమా పెట్టి, ఎర్ర గుడ్డలో చుట్టి, ఆ మూలలో దాచేదాన్ని. పాతది తీసి కొత్తది పెట్టేదాన్ని. మోకాళ్ళ నొప్పి వచ్చాక వంగలేక మానేశాను, మరిచిపోయాను. ఆఖరి కాయ అక్కడే, ఎర్తు వైరు బోల్టు మీదే కూర్చొని, కుళ్ళి, పులుపంతా దాని మీదకు వదిలింది. వైరు కొస నిండా పచ్చటి చిలుము. పూజ సామాన్లు తోమే ఆడదాన్ని, చిలుము నాకు కొత్తా? ఏ దిష్టీ తగలకూడదని నేను పెట్టిన కాయే కారును అమ్మకానికి తెచ్చింది.

"ఏంది మే అది?" అని వెనక నుంచి గొంతు.

చటుక్కున కొంగులో చుట్టి రొండిన దోపుకున్నాను. "ఎలక ఏదో తెచ్చి పెట్టింది."

"ఎలకే! నేను ముందే సెప్పినా ఎలక అని!" అన్నాడు. ఎప్పుడూ చెప్పలేదు.

చింతపండుతో తోముదామని కాలు వంటింటి వైపు పోబోయింది. పులుపుతో చెడినదానికి మళ్ళీ పులుపా అని ఆగాను. బోల్టు విప్పి, గరుకు ఉప్పుకాగితంతో వైరు కొసా, దాని కింద ఇనుమూ తళతళలాడేలా రుద్ది, మళ్ళీ గట్టిగా బిగించి, పైన గ్రీజు పూశాను. కవ్వం ఉండగానే చూశాను. రెండు పక్కలా సమానంగా ఎరుపు.

శనివారం పదింటికి బండ్లు కొనే ఆయన వచ్చి వరండాలో కూర్చున్నాడు. కూతురూ అల్లుడూ వచ్చారు. బాగయిందంటే కూతురు నమ్మలేదు. మా ఆయన్ను కారు తీయమని, అల్లుణ్ణి వెనకే పొమ్మంది. ఇద్దరూ ఆ కళ్యాణ మండపం దాకా పోయి, దాని ముందు బ్రేకు తట్టి తట్టి తొక్కి, తిరిగి వచ్చారు.

"రెండు లైట్లూ బాగుండాయి," అన్నాడు అల్లుడు. "మామ ఈసారి ఎడమకు లైటు వేయలేదు." గొంతులో కొంచెం నిరాశ ఉంది. ఆ రోజూ అక్కడ పెళ్ళి ఉందట.

వచ్చినాయన కాఫీ తాగి పోయాడు. తాళం మా ఆయన చేతిలో నేనే పెట్టాను. ఆదివారం తొమ్మిదికి కారు వీధి దాటింది. పేపరు తీశాను.

సోమవారం తొమ్మిదింబావుకు వాకిట్లో హారను. మా ఆయన వెనక్కి వచ్చాడు. వెనకే ఆ ముగ్గురు ముసలాళ్ళూ తలా ఒక బండితో వచ్చారు. పిల్లి అంత ఎలుకను తానే పట్టి లైటు బాగుచేశానని టీ అంగడిలో చెప్పాడట. ఆ అంగడిలో అందరూ తిట్టుకుంటున్న ఎలుకను నేనే. ఒకాయనకు హారను పలకదు, ఒకాయనకు స్కూటరు లైటు ఆరదు, మూడో ఆయనకు ఏ జబ్బూ లేదు, ఊరికే వచ్చాడు. చూసేది మా ఆయనట, పక్కన సామాను అందించేది నేనట. నలుగురూ వరండాలో సర్దుకొని కూర్చున్నారు.

"కాఫీ పెట్టు మే. ఎలక సంగతి సెప్తా ఉండా," అన్నాడు.

ఒకణ్ణి బయటికి పంపాలని చూస్తే నలుగురయ్యారు. నేను కాఫీ పెట్టలేదు. వాళ్ళ మధ్యలో కుర్చీ వేసుకొని, పేపరు విప్పి, మొదటి పేజీ మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. గట్టిగా చదవడం మొదలుపెట్టాను. తొందరేమీ లేదు నాకు. ఒత్తులున్న పదం వస్తే ఆగాను, వెనక్కి పోయాను, మళ్ళీ వచ్చాను. మా ఆయన పదం అందించబోతే, "ఉండప్పా, నాకు దోవ తెల్సు," అన్నాను. రెండో పేజీలో టెండరు ప్రకటనలు కూడా వదల్లేదు. వాటి మధ్యలో హారను పలకని ఆయన లేచాడు. స్కూటరాయన వెనకే లేచాడు. జబ్బు లేని ఆయన ఎప్పుడు పోయాడో నేను చూడలేదు.

మా ఆయన చివరిదాకా కూర్చున్నాడు, పెళ్ళాం కదా అని. వాతావరణం వార్త దగ్గర లేచి, "నేను కూడా అట్ల పోయొస్తా మే," అన్నాడు.

"ఒంటిగంటకు రా," అన్నాను, తల ఎత్తకుండా.

కారు కదిలిన చప్పుడయ్యాక తలెత్తి చూశాను. వీధి చివర మలుపులో తట్టి తట్టి బ్రేకు తొక్కాడు. కుడి లైటూ ఎడమ లైటూ కలిసి ఎర్రగా వెలిగాయి. వేలు ఎక్కడ ఆపానో వెతుక్కొని, మళ్ళీ మొదలుపెట్టాను.