వాళ్ళ కాకరా, మన కాకర

ఒడిశాలోని లక్ష్మీపూర్‌లో పసిపిల్లల బడిలో టీచరుగా చేరిన మూడో నెలలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

నాలుగేళ్ళ పిల్లలు పద్నాలుగు మంది. సగం మంది ఒడియా వాళ్ళు, సగం మంది మన తెలుగు షావుకార్ల పిల్లలు. వారానికోసారి ఏదో ఒక కూరగాయ తెచ్చి వాళ్ళ చేతికే ఇచ్చేదాన్ని. తడమడం, వాసన చూడడం, వండించుకుని తినడం. మంచి తిండి గురించి ఊరికే పాఠం చెప్తే ఎవరు వింటారు, నా మొహం! అందరూ ఎగబడేవారు, బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు వాళ్ళ పిల్ల తప్ప. ఆ పిల్ల బిస్కట్టు తప్ప ఏదీ ముట్టదు, నోరు విప్పదు. ఒంట్లో రక్తం లేదని కొరాపుట్‌లో డాక్టరు చెప్పాడట. ఓ రోజు వాళ్ళమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఈ నెలాకరు దాకా సూస్తారంట టీచరుగారూ. అప్పటికీ తినకపోతే పార్వతీపురంలో మాయమ్మ కాడికి అంపించీమంటన్నారు మా ఆయన. అమ్మిని ఒగ్గీసి నానుండలేను."

నెలాఖరుకి వారమే ఉంది. నాకు పట్టుదల పెరిగిపోయింది. ఆ ఊపులో, నాకొచ్చిన అరకొర ఒడియాలో పిల్లలకి చెప్పేశాను: "రేపు మనందరం కాకరా చేసుకుందాం!"

ఒడియా పిల్లలు ఎగిరి గంతులేశారు. కాకరకాయకి ఇంత సంబరమా! నా అంత టీచరు ఈ జిల్లాలోనే లేదనుకున్నాను.

మర్నాడు బుట్ట తెరిచి గరుకు గరుకు కాకరకాయలు చూపించానో లేదో, వాళ్ళంతా ఒక్కసారే ఏడుపు లంకించుకున్నారు. ఒడియా ఆవిడైన మా ఆయా నేల మీద కూలబడి నవ్వింది.

"అయ్యో టీచరమ్మా, ఇది కలరా! కాకరా అంటే తీపి పిఠా. లోపల కొబ్బరీ బెల్లం ఎట్టి సేస్తాం!"

కలరా! మనకి రోగం, వాళ్ళకి కాయ. మనకి చేదు, వాళ్ళకి పిండివంట. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు వినపడిందొక సన్నని గొంతు. రోజూ కొట్లో రెండు భాషలూ వినే ఆ పిల్ల లేచి నిలబడింది. ఏడవొద్దని పిల్లలకి ఒడియాలో చెప్పి, నా వైపు తిరిగింది.

"టీచర్, ఆల కాకరా మన కాకరలో ఎట్టీండి."

ఎంత మాటన్నావే తల్లీ! ఆయా పరుగున వెళ్ళి కొబ్బరీ బెల్లం తెచ్చింది. పిల్లలు చెంచాలతో గింజలు గీకారు, కొబ్బరి కూరారు. ముక్కులకి బెల్లం, జుట్టు నిండా కొబ్బరి. "అలాక్కాదు, ఇలగ!" అంటూ అందరి మీదా ఆ పిల్లదే పెత్తనం. ఆయా వాటిని నూనెలో మగ్గబెట్టింది.

తీరా వడ్డించాక ఒక్కరూ ముట్టరు! ఈ వంట చెప్పిన పిల్లే ముందు తినాలన్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. కొరికింది. మొహం ముడుచుకుపోయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉమ్మేస్తుందనుకున్నాను. మింగింది!

"సేదుగుందా అమ్మీ?" అంది ఆయా.

"కొంచిం," అని ఇంకోటి అందుకుంది. "ఏటి సూస్తన్నారు, తినండి!" అని అందరినీ గదమాయించింది.

నేను గుమ్మంలోకి పరిగెత్తి కొట్టు వైపు కేకేశాను. వాళ్ళమ్మ తక్కెడలో పప్పు అలాగే వదిలేసి, చెప్పుల్లేకుండా రోడ్డు దాటి వచ్చింది. గుమ్మంలో నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిందనుకుంది కూతురు.

"ఉండే అమ్మా, నానింకా తింటన్నాను."